ఇచ్చిన తీరునే తీసుకోవాలి: రెండో శీలం, ఓపెన్ సోర్స్ కోడ్



విహారంలో కూర్చున్నప్పుడల్లా పంచశీల చెప్పుకుంటాం. రెండో శీలం దగ్గరికి వచ్చేసరికి మనలో చాలామందికి మనసు తేలికగానే ఉంటుంది. మేం ఎవరి ఇంట్ల దొంగతనం చేసినం, ఎవరి జేబు కొట్టినం అనుకుంటాం. కానీ ఆ శీలం పాళీ పేరును ఒక్కసారి విడదీసి చూడండి. అదిన్నాదానం. అదిన్న అంటే ఇవ్వనిది, ఆదానం అంటే తీసుకోవడం. తాళం పగలగొట్టడం, గోడ దూకడం అనే మాటలు అందులో లేవు. ఇవ్వనిది తీసుకోవద్దు, అంతే. ఇంత చిన్న మాట కాబట్టే అది చాలా దూరం పోతుంది. మన పిల్లల కంప్యూటర్ల లోపలికి కూడా పోతుంది. ఆ సంగతే ఈసారి మాట్లాడుకుందాం.

ఒక తమ్ముడి ప్రశ్న

నిజామాబాద్‌లో 2023లో ఐటీ హబ్ తెరిచారు. అంతకు ముందు నుంచే మన పిల్లలు హైదరాబాద్, పూణే పోయి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నారు. కొందరు తిరిగొచ్చి ఇక్కడే సొంతంగా పని మొదలుపెడుతున్నారు. అట్లాంటి తమ్ముడిని ఒకణ్ని అనుకోండి. తండ్రి చెరుకు కోతకు పోయేవాడు. కొడుకు ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ ఏజెంట్లకూ, బోధన్ వైపు చెరుకు కాటాల దగ్గరా అమ్ముతున్నాడు. బండి కాటా ఎక్కగానే బరువు స్క్రీన్ మీద తెలుగులో కనిపిస్తుంది. నెల లెక్క పీడీఎఫ్‌గా వస్తుంది. కాటాలో మోసపోయిన రైతుకు అది మేలు. తమ్ముడి ఇంటికి బువ్వ. సమ్యక్ ఆజీవిక అంటే ఇదే కదా అని మనం సంతోషపడతాం.

అయితే ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం తమ్ముడు రాసింది కాదు. ఈ రోజుల్లో ఎవరూ అట్లా మొత్తం రాయరు. లోకంలో ఎక్కడో ఎవరో రాసి ఇంటర్నెట్‌లో పెట్టిన కోడ్ ముక్కల్ని తెచ్చి తమ దాంట్లో కలుపుకుంటారు. వాటిని లైబ్రరీలు అంటారు. పుస్తకాల లైబ్రరీకీ దీనికీ సంబంధం లేదు. పీడీఎఫ్ తయారుచేసే పనికి ఒక లైబ్రరీ, లెక్కలు దాచే పనికి ఇంకొకటి, అట్లా. మనిషి చదివి మార్చుకోగలిగిన అసలు రాతను సోర్స్ కోడ్ అంటారు. దాన్ని అందరూ చూసి, వాడుకుని, మార్చి, పంచుకునేట్టు అనుమతితో బయట పెడితే అది ఓపెన్ సోర్స్. ఆ అనుమతి పత్రం పేరే లైసెన్సు. తమ్ముడు అమ్మేది మాత్రం మూసిన డబ్బా. కొన్నవాడు వాడుకోవచ్చు గానీ లోపలి రాత చూడలేడు.

"అన్నా, నెట్‌లో ఫ్రీగా పెట్టిండ్రు, తీసుకున్న. వాళ్లది వాళ్ల దగ్గర్నే ఉన్నది. నేను ఎవరి జేబులకెళ్లి తీసిన?" అని అడుగుతాడు తమ్ముడు. ఇది మొండి ప్రశ్న అని కొట్టిపారేయొద్దు. మంచి ప్రశ్న. దీనికి జవాబు వినయ పిటకంలో ఉంది.

ధనియుడి కట్టెలు

రాజగృహంలో ధనియుడనే భిక్షువు ఉండేవాడు. కుమ్మరి కొడుకు. గుడిసె కట్టుకోవడానికి కట్టెలు కావాలని రాజు కట్టెల యార్డుకు పోయాడు. అక్కడి కాపలాదారు, ఇవి నగరం మరమ్మతుల కోసం దాచిన రాజుగారి కట్టెలు, ఆయన ఇస్తేనే తీసుకెళ్లండి అన్నాడు. రాజు ఇచ్చాడని ధనియుడు చెప్పాడు. భిక్షువు అబద్ధం చెప్పడని నమ్మి కాపలాదారు ఒప్పుకున్నాడు. తర్వాత మంత్రి వస్సకారుడు తనిఖీకి వచ్చి విషయం రాజుకు చెప్పాడు. ముందు కట్టుబడింది ఎవరో తెలుసా? ఆ కాపలాదారు. నమ్మినవాడు.

బింబిసారుడు ధనియుణ్ని పిలిచి, నేను నీకు ఎప్పుడు ఇచ్చాను అని అడిగాడు. మీ పట్టాభిషేకం నాడు శ్రమణులకూ బ్రాహ్మణులకూ గడ్డి, కట్టె, నీళ్లు ఇచ్చానని మీరే ప్రకటించారు కదా అన్నాడు ధనియుడు. రాజుకు గుర్తొచ్చింది. నిజమే, అన్నాను, కానీ అది అడవిలో ఎవరిదీ కాకుండా పడి ఉన్నవాటి గురించి అన్న మాట అని చెప్పాడు. భిక్షువు కాబట్టి శిక్షించకుండా వదిలేశాడు. జనం మాత్రం వదలలేదు. ఆ సందర్భంలోనే బుద్ధుడు భిక్షువులకు ఇవ్వనిది తీసుకోకూడదన్న గట్టి నియమం పెట్టాడు.

ధనియుడు గోడ దూకలేదు. రాజు నోటి నుంచి ఒక మాట నిజంగానే వచ్చింది. ఆ మాటను దాని హద్దు దాటించి లాగాడు. "నెట్‌లో ఫ్రీగా పెట్టిండ్రు" అన్న మాట కూడా అట్లాంటిదే. పెట్టినమాట నిజం. ఎట్లా వాడుకొమ్మని పెట్టారన్నది లైసెన్సులో రాసి ఉంది. ఇచ్చే చెయ్యి అదే. ఆ షరతుతో ఇచ్చినదాన్ని షరతు వదిలేసి తీసుకుంటే, ఇవ్వనిది తీసుకున్నట్టే.

ఇవ్వడంలో నాలుగు తీర్లు

తమ్ముడి సాఫ్ట్‌వేర్ డబ్బా విప్పి చూద్దాం. లెక్కలు దాచడానికి ఎస్‌క్యూలైట్ వాడాడు. దాని రచయితలు హక్కులన్నీ వదిలేసి దాన్ని లోకానికి ఇచ్చేశారు. లైసెన్సు ఉండాల్సిన చోట ఒక చిన్న ఆశీర్వచనం రాశారు. ఇది పంసుకూలం లాంటిది. ఎవరూ తమదని చెప్పని గుడ్డను ఏరుకొచ్చి భిక్షువు చీవరం కుట్టుకున్నట్టు, దీన్ని ఎట్లా వాడినా తప్పులేదు.

రెండోది, బటన్లు, పట్టికలు చూపించే చిన్న లైబ్రరీలు. వీటిలో ఎక్కువవాటికి ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ అనే లైసెన్సులు ఉంటాయి. వీటిని మూసిన డబ్బాలో పెట్టి అమ్ముకోవచ్చు. కోడ్ చూపించక్కర్లేదు, రూపాయి ఇవ్వక్కర్లేదు. ముఖ్యంగా అడిగేది ఒకటే: రాసినవాళ్ల కాపీరైటు వాక్యం, అనుమతి పత్రం తీసెయ్యకుండా కాపీతో పాటు ఉంచండి. అపాచీ ఇంకొంచెం అడుగుతుంది, ఏ ఫైలు మార్చారో చెప్పమంటుంది. అంటే కూలీగా పేరు మాత్రమే అడుగుతున్నారు.

మూడోది, స్క్రీన్ మీద తెలుగు అక్షరాలు. తమ్ముడు మండలి ఫాంట్ వాడాడు. దాన్ని 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించారు, సిలికానాంధ్ర ద్వారా ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద అందరికీ అందింది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మొచ్చు. ఫాంట్‌ను ఒక్కదాన్నే అమ్మకూడదు. మార్పులు చేసి పంచితే ఆ మార్చిన ఫాంట్ కూడా అదే లైసెన్సు కింద ఉండాలి. మన భాషలో మన కాటా చీటీ చదువుకోగలుగుతున్నామంటే ఇట్లాంటి వాళ్ల పని వల్లనే.

నాలుగోది పీడీఎఫ్ లైబ్రరీ, ఐటెక్స్ట్. అసలు చిక్కు ఇక్కడుంది. 2009 నుంచి అది ఏజీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తోంది. జీపీఎల్ కుటుంబంలో ఇదొకటి. ఈ కుటుంబం అడిగేది వేరు. మా కోడ్ కలిపి నువ్వు తయారుచేసిన ప్రోగ్రామ్‌ను ఇంకొకరికి ఇస్తే, మొత్తం ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ కూడా వాళ్లకు అందేట్టు చెయ్యి, వాళ్లు దాన్ని మార్చుకుని మళ్లీ పంచుకునే హక్కును ఆపకు అంటుంది. ఏజీపీఎల్ ఇంకో అడుగు ముందుకేసి, మార్చిన ప్రోగ్రామ్‌ను ఇంటర్నెట్ ద్వారా వాడుకునేవాళ్లకు కూడా ఆ హక్కు ఇవ్వమంటుంది. ఊరందరికీ పంచమని అడగదు, అందుకున్నవాళ్లకు ఇవ్వమంటుంది. డబ్బు తీసుకోవద్దని కూడా అనదు.

దీన్ని సాంఘిక దానంతో పోల్చండి. భిక్షు సంఘం కోసమని ఇచ్చినదాన్ని తెలిసీ తన సొంతానికి మళ్లించుకోవడం భిక్షువుకు దోషం అని వినయంలో ఉంది. విహారం, మంచం, కుర్చీ లాంటి సంఘపు ఆస్తిని పంచుకుని సొంతం చేసుకునే హక్కు సంఘానికి కూడా లేదు. అందరూ వాడుకోవచ్చు, ఎవరూ తాళం వేసుకోలేరు. జీపీఎల్ కోడ్ సంఘపు సొత్తు. దాన్ని మూసిన డబ్బాలో పెట్టి అమ్మితే సంఘపు మంచాన్ని మన ఇంట్లో వేసుకున్నట్టు.

తైవాన్ లోని ఒక బౌద్ధ సంస్థ బాబాసాహెబ్ బుద్ధ ధమ్మ గ్రంథాన్ని అచ్చువేసి ఉచితంగా పంచింది. మనలో కొందరి ఇళ్లలో ఆ పుస్తకం ఉండే ఉంటుంది. ఉచిత పంపిణీ పుస్తకానికి అట్ట మార్చి, ఆ పేజీ చింపేసి, ఎవరైనా వెల వేసి అమ్మితే మనకు కడుపు మండుతుందా లేదా? పుస్తకం ఫ్రీగా వచ్చింది కదా అని ఊరుకుంటామా?

"వేల ఏండ్లు మనది గుంజుకున్నరు కదా"

ఇప్పుడు తమ్ముడు అసలు మాట అంటాడు. "అన్నా, పెద్ద పెద్ద కంపెనీలే గిట్ల చేస్తున్నయి. మనకు చదువే లేకుండ చేసిండ్రు. నీళ్లు ముట్టనియ్యలే. ఇయ్యాల ఏదో నాలుగు పైసలు సంపాదించుకుంటే మనకే ఈ నీతులా?" ఈ మాటలో బాధ ఉంది, నిజం ఉంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు.

అయితే 1927 మార్చి 20ని గుర్తు చేసుకోండి. మహాడ్‌లో చవదార్ చెరువు దగ్గరికి బాబాసాహెబ్ వేలమందితో నడిచి పోయి నీళ్లు తాగాడు. ఆయన అడిగింది ఏమిటి? ఇది అందరి చెరువు, అందరిలో మేమూ ఉన్నాం అని. అందరిదైన దాంట్లో మన వాటా మనం తాగాం. ఆ చెరువుకు మనమే కంచె వేసి మనమే తాళం పెట్టుకుంటామని అడగలేదు. తాళం వేయడం ఎవరి పద్ధతో మనకు బాగా తెలుసు.

జీపీఎల్ కోడ్ అట్లాంటి చెరువే. అక్కడ కులం అడగరు, సర్టిఫికెట్ అడగరు, ఫీజు అడగరు. బోధన్‌లో కూలీ కొడుకుకూ అమెరికాలో ప్రొఫెసర్ కొడుక్కూ ఒకే నీళ్లు. బుద్ధుడు కూడా తన చివరి రోజుల్లో, నా బోధలో దాచిపెట్టుకున్న భాగమంటూ ఏదీ లేదు, గురువు పిడికిలి మూసి ఉంచే పద్ధతి నాకు లేదు అన్న అర్థంలో ఆనందుడికి చెప్పాడు. పిడికిలి విప్పి ఇచ్చిన విద్య వల్ల మన తమ్ముడు నిలబడ్డాడు. అదే విద్యను తీసుకుని పిడికిలి మూస్తే, తర్వాత రాబోయే ఇంకో తమ్ముడికి దారి ఏది?

అందరిదైనది మూతపడితే ఎట్లా ఉంటుందో బోధనోళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పెరిగింది, ఆ చెరుకుతో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నడిచింది. 2002లో దాంట్లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. కార్మికులు రోడ్డున పడ్డారు, రైతులు చెరుకు వేరే చోటికి మోసుకుపోయారు. కోడ్ వేరు, ఫ్యాక్టరీ వేరు, నిజమే. కానీ పదిమంది బతుకు ఆనుకున్నది మూసుకుపోతే ఏమవుతుందో తెలిసిన జనం మనం.

పేరు సంగతి కూడా అంతే. నిజాంసాగర్ అంటే ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు చెప్తాం, చెప్పాలి కూడా. మట్టి మోసిన చేతుల పేర్లు మనకు తెలియవు. ఆ చేతుల్లో మన తాతలవి ఎన్నో. పని తీసుకుని పేరు తుడిచేయడం వెట్టి కాలం నుంచి మనం పడ్డ దెబ్బ. ఎక్కడో ఎవరో రాత్రుళ్లు కూర్చుని రాసి, కూలీగా తన పేరున్న నాలుగు వాక్యాలు ఉంచమని అడిగితే, ఆ వాక్యాలను మనం తుడిచేయడం ఎంతవరకు న్యాయం?

మన బోధన్‌కు దీని గురించి ఒక పాత కథ కూడా ఉంది. అస్సక రాజ్యపు రాజధాని పోతన నేటి బోధన్ అని చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. ఆ రాజ్యంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపిన సంగతి సుత్తనిపాతంలోని పారాయణ వగ్గంలో ఉంది. ముసలివాడైన పింగియుడు తిరిగొచ్చి, తాను విన్నదాన్ని బావరికి చెప్పాడు. ఎవరి దగ్గర విన్నాడో ఆయన పేరుతోనే చెప్పాడు, తన సొంత తెలివిగా చెప్పుకోలేదు. సుత్తాలు కూడా, ఇది నేను విన్నది అని ఒప్పుకునే మాటతోనే మొదలవుతాయి. పేరు నిలబెట్టడం మన ధమ్మంలో మొదటి వాక్యం.

చట్టం, సంపాదన, దానం

ఇదంతా ఉత్త నీతి కబుర్లు అనుకోవద్దు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. అమెరికాలో బొమ్మ రైళ్లు నడిపే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మీద గొడవ వస్తే, ఫ్రీగా ఇచ్చినా సరే లైసెన్సు షరతులు మీరితే కాపీరైటు ఉల్లంఘన కావచ్చని 2008లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. లింక్‌సిస్ కంపెనీ వైఫై రౌటర్‌లో జీపీఎల్ కోడ్ ఉందని తేలితే 2003లో దాని సోర్స్ కోడ్ బయట పెట్టాల్సి వచ్చింది. దాని మీద ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు పుట్టి, ఎన్నో రకాల రౌటర్లలో వాడుకలోకి వచ్చింది. ఒక్క తాళం తీస్తే ఎంత నీరు పారిందో చూడండి.

సంపాదించడం పాపమని, మూసిన సాఫ్ట్‌వేర్ అమ్మడమే తప్పని నేను చెప్పడం లేదు. అనాథపిండికుడు వ్యాపారే. ఎంఐటీ లైబ్రరీ పెట్టి మూసిన సాఫ్ట్‌వేర్ అమ్మితే ఏ శీలమూ తప్పినట్టు కాదు, ఇచ్చినవాళ్లే అందుకు ఒప్పుకున్నారు. ఎల్‌జీపీఎల్ లైబ్రరీ అయితే దాన్ని విడిగా, వాడేవాళ్లు మార్చుకోగలిగేట్టు ఉంచి, మీ సొంత కోడ్‌ను మూసి ఉంచుకోవచ్చు. జీపీఎల్ ప్రోగ్రామ్‌ను మీ షాపులో మీరే మార్చుకుని వాడుకుంటూ ఎవరికీ ఇవ్వకపోతే, కోడ్ చూపించమని అది అడగదు. భయపడి దూరం పోవాల్సిన పని లేదు, చదివి తీసుకుంటే చాలు.

ఇంకొక మెట్టు ఉంది. లైసెన్సు పాటించడం శీలం. అంతటితో దానం అయిపోదు. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీ మీద లోకంలో సగానికి పైగా సురక్షిత వెబ్‌సైట్లు ఆధారపడి ఉండేవి. పెద్ద కంపెనీలన్నీ లైసెన్సు ప్రకారమే వాడుకున్నాయి. దాన్ని చూసుకునే మనుషులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, వచ్చే చందా ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. 2014 ఏప్రిల్‌లో దాంట్లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడి లోకమంతా ఉలిక్కిపడింది. ఎవరూ దొంగతనం చేయలేదు, కానీ ఎవరూ తిరిగి ఇవ్వలేదు. చెరువు నీళ్లు వాడుకునేవాళ్లు పూడిక తియ్యకపోతే ఏమవుతుందో అదే అయింది.

ఏం చేయాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ పని చేసేవాళ్లకు చెప్పేది ఇది. కొత్త లైబ్రరీ తెచ్చుకునే ముందు దాంతో వచ్చే లైసెన్సు ఫైలు తెరవండి. ఏది ఎక్కడి నుంచి తెచ్చారో ఒక కాగితం మీద పట్టిక రాయండి. మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక పేజీ పెట్టి, ఆ రచయితల కాపీరైటు వాక్యాలు, లైసెన్సులు అక్కడ ఉంచండి. అరగంట పని.

పట్టికలో జీపీఎల్, ఏజీపీఎల్ కనబడితే మూడు దారులున్నాయి. మీ కోడ్ కూడా తెరిచి, మరమ్మతులు, శిక్షణ, సేవ మీద సంపాదించుకోండి. లేదా ఐటెక్స్ట్ లాంటివి డబ్బుకు వేరే లైసెన్సు అమ్ముతాయి, కొనండి. లేదా దాన్ని తీసేసి అపాచీ లైసెన్సున్న పీడీఎఫ్‌బాక్స్ లాంటిది పెట్టుకోండి. నాలుగో దారి, ఎవరికీ తెలియదు లే అన్నది, ధనియుడి దారి. ఆ దారిలో ముందు కట్టుబడేది మనల్ని నమ్మి కొన్న కాటా యజమాని కావచ్చు.

తెలియక ఇప్పటికే అమ్మేసి ఉంటే? కుంగిపోవద్దు. తప్పును తప్పుగా చూసి సరిదిద్దుకోవడం ధమ్మంలో ఎదుగుదల. జీపీఎల్ మూడో వెర్షన్ కూడా ఇదే దారి పెట్టింది. మొదటిసారి తప్పు చేసినవాళ్లు, హక్కుదారు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే వాళ్ల హక్కు పూర్తిగా తిరిగి వస్తుంది. కానీ నోటీసు వచ్చేదాకా ఆగడం ఎందుకు? ఈ ఆదివారమే మొదలుపెట్టండి.

ఇక దానం. డబ్బు లేకపోతే కనబడిన లోపం రాసి పంపండి. వాడుక వివరాలు తెలుగులోకి రాసి ఇవ్వండి. మీరు నేర్చుకున్నది విహారంలో పదో తరగతి పిల్లలకు నేర్పండి. వాళ్లలో ఒకరు రేపు రాసే లైబ్రరీని ఎక్కడో జపాన్‌లో ఎవరో వాడుకుంటారు. దానితో పాటు ఒక చిన్న ఫైలు పోతుంది, అందులో బోధన్ బిడ్డ పేరు ఉంటుంది. ఆ పేరును వాళ్లు తుడిచేయకూడదని మనం కోరుకుంటాం కదా. అయితే ఈ రోజు మన చేతికి వచ్చిన పేర్లను మనం తుడిచేయొద్దు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.